తమ్ముణ్ణి ఇంట్లోంచి గెంటేశారు, ముందు ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ పుట్టిల్లు రాజోలు పక్క పల్లెటూరు, అత్తారిల్లు తణుకు. 19 ఏళ్ళ తమ్ముడు భీమవరంలో డిగ్రీ రెండో సంవత్సరం. సెలవులకి ఇంటికొస్తే నాన్నగారు ఫోన్ తీసి, ఇంకో అబ్బాయితో మాట్లాడుకున్న మాటలు చదివి, బెల్టుతో కొట్టి, రాత్రి పదింటికి బయటికి నెట్టి తలుపేసుకున్నారు. 12 రోజులయ్యింది. రెండో రోజు రాజమండ్రిలో ఉన్నానని ఒక్కసారి మాట్లాడాడు, తర్వాత ఫోన్ స్విచాఫ్. నాన్నగారేమో కొడుకు లేడనుకుంటానంటున్నారు, అమ్మ అన్నం ముట్టడం లేదు. పోలీసు కంప్లయింట్ ఇవ్వాలా, బతిమాలి ఇంటికి తీసుకురావాలా, డాక్టరుకి చూపించాలా అని అడిగారు.

నేను 17 ఏళ్ళు మన గోదావరి జిల్లాల్లో హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టుల్లో కౌన్సిలర్‌గా పనిచేశాను. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలు చివరికి చేరే చోట్లలో మా ఆఫీసు ఒకటి. అందుకని ఈ సంగతి దగ్గర్నుంచి చూశాను.

ముందు ఒక మాట వినండి. తమ్ముణ్ణి ఇప్పుడే ఇంటికి రమ్మనకండి. పడుకోవడానికి చోటు, తినడానికి తిండి, చదువు ఆగకుండా చూడటం, ఇవి ముందు. నాన్నగారితో రాజీ తర్వాత సంగతి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, నేనూ అలాగే చేశాను.

ఈ పనిలో చేరిన మూడో ఏడాది. పెనుగొండ దగ్గర ఊరి అబ్బాయి, ఇరవై ఏళ్ళుంటాయి, ఇల్లు వదిలొచ్చి ఒక లాడ్జిలో రూమ్ బాయ్‌గా చేరాడు. తల్లిదండ్రులు వెతుక్కుంటూ మా ఆఫీసుకొచ్చారు. ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు అబద్ధం కాదు. నేను కరిగిపోయి, రెండు రోజులు ఆ అబ్బాయికి నచ్చజెప్పి, దగ్గరుండి బస్సెక్కించి ఊళ్ళో దింపి వచ్చాను. గుమ్మంలో ఎర్రనీళ్ళు దిగదుడిచి లోపలికి తీసుకెళ్ళారు. మంచి పని చేశాననుకున్నాను. ఆ రాత్రే ఫోన్ లాక్కుని, ధాన్యం బస్తాలు వేసుకునే గదిలో పెట్టి తాళం వేశారని చాలా రోజులకి తెలిసింది. రెండు నెలల్లో మేనమామ కూతుర్నిచ్చి పెళ్ళి చేశారు. ఏడాదిన్నర తర్వాత ఆ అమ్మాయి మా సెంటరుకొచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, "మీరే కదండీ ఆయన్ని ఇంటికి తెచ్చింది?" అంది. కోపంగా కూడా అనలేదు. అప్పటికే అతను మళ్ళీ వెళ్ళిపోయాడు. ఈసారి ఎక్కడికెళ్ళాడో ఎవరికీ తెలియలేదు. ఆ పిల్లేమో పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఇరుక్కుపోయింది.

ఆ తర్వాత నేనెప్పుడూ తల్లిదండ్రుల కన్నీళ్ళు చూసి పిల్లల్ని ఇంటికి పంపలేదు. కొట్టిన చెయ్యి మళ్ళీ లేవదని ఇంట్లో ఒకరు పూచీ ఉండాలి. ఫోన్ తన దగ్గరే ఉండాలి, ఆధార్ తన దగ్గరే ఉండాలి, బయటికి వెళ్ళాలంటే తలుపు తీసి ఉండాలి. పెళ్ళి మాట, వైద్యం మాట ఎత్తకూడదు. వీటిలో ఒక్కటి తక్కువైనా "ఇంకా సమయం రాలేదు" అనే చెబుతాను.

ఇప్పుడు తమ్ముడి జాడ. ఇల్లు వదిలిన పిల్లల మొదటి రోజులు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటి మూడు నాలుగు రాత్రులు ఏదో ఒక ఫ్రెండ్ గదిలో గడుస్తాయి. తర్వాత ఓనరు అడుగుతాడు, లేదా ఫ్రెండుకే ఇబ్బందవుతుంది. అక్కణ్ణుంచి స్టేషన్ బెంచీ, కాంప్లెక్సు, రేవు మెట్లు. ఈ దశలోనే ఫోన్‌లో పరిచయమైన ఎవరో "మా రూముకి వచ్చెయ్" అంటారు. అందులో మంచివాళ్ళూ ఉంటారు. కానీ గది ఇచ్చినందుకు బదులు అడిగేవాళ్ళని చాలామందిని చూశాను. కాదంటే అర్ధరాత్రి మళ్ళీ రోడ్డే కాబట్టి పిల్లలు కాదనలేరు. దీన్ని వాళ్ళ అలవాటుగా లెక్కేసే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆకలికి, చలికి ఒప్పుకున్నది అది. దొరికాక తమ్ముణ్ణి ఇది నిలదీసి అడగొద్దు. ఒక్క విషయం మాత్రం తెలియజేయండి. ఎవరైనా బలవంతం చేసి ఉంటే 72 గంటల్లోపు ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్తే హెచ్ఐవీ సోకకుండా 28 రోజుల మందులు మొదలుపెడతారు. గడువు దాటినా ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో, పరీక్ష ఉచితం, వివరాలు బయటికి పొక్కవు.

ఇంకో దశ రైలు. హైదరాబాదుకో, విజయవాడకో, చెన్నైకో ఎక్కేస్తే జాడ తీయడం కష్టం. అందుకే ఈ రోజు ముఖ్యం.

ఫోన్ ఆఫ్‌లో ఉన్నా మెసేజ్ పెట్టండి. ఒక్క టిక్కే పడినా పరవాలేదు, ఆన్ చేసిన నిమిషంలో మొదట కనపడేది మీదే కావాలి. రాసింది కాదు, మీ గొంతు పంపండి. "తమ్ముడూ, అక్కని. తిన్నావా? నువ్వేం తప్పు చేయలేదు. నిన్ను ఇంటికి రమ్మని అడగను. ఎక్కడున్నావో నాన్నకి చెప్పను. డబ్బులు వేస్తున్నాను." అక్కడితో ఆపేయండి. "కానీ అమ్మ గురించి కూడా కాస్త ఆలోచించు" అని తగిలించారంటే, ముందు చెప్పినదంతా వినపడదు, ఆ ఒక్క మాటే వినపడుతుంది. ఇచ్చిన మాట తప్పకండి కూడా. ఆచూకీ తెలిశాక ఆనందంలో అమ్మకి చెప్పడం, అమ్మ నాన్నకి చెప్పడం, నాన్న కారేసుకుని రావడం నాకు బాగా తెలిసిన కథ.

డబ్బు పంపే ముందు తన అకౌంటు మెసేజులు ఎవరి ఫోనుకి వెళ్తాయో చూసుకోండి. మన పల్లెటూళ్ళలో పిల్లల బ్యాంకు అకౌంటుకీ, ఆధార్‌కీ తండ్రి ఫోన్ నంబరే ఇచ్చి ఉంటారు. అలా ఉంటే మీరు పంపిన ప్రతి రూపాయీ ఆయనకి తెలుస్తుంది. పైగా ఏ అప్లికేషన్ పెట్టుకున్నా ఓటీపీ ఆయనకే వెళ్తుంది. తమ్ముడు దొరికిన వారంలోనే ఆధార్ సెంటరుకి తీసుకెళ్ళి వేలిముద్ర వేయించి సొంత నంబరు ఎక్కించండి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, ఓటీపీ రాక స్కాలర్‌షిప్, సిమ్, ఉద్యోగం అన్నీ ఆగిపోయిన పిల్లల్ని చూశాను.

క్లాసుమేట్లకి, రూమ్మేట్లకి ఫోన్ చేయండి. "ఇంట్లో గొడవై అలిగి వెళ్ళాడు, నేను అక్కని, తిట్టను" అనండి చాలు, కారణం చెప్పనక్కర్లేదు. ఫోన్‌లో మాట్లాడిన ఆ రెండో అబ్బాయి ఇంటికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఫోన్ చేయకండి. నాన్నగారిని కూడా చేయనివ్వకండి. మీ ఇంట్లో జరిగిందే ఆ ఇంట్లోనూ జరుగుతుంది. ఆ అబ్బాయితోనే నేరుగా మాట్లాడగలిగితే మాట్లాడండి. తమ్ముడు ఎక్కడున్నాడో అందరికంటే ముందు అతనికే తెలిసి ఉండొచ్చు.

పోలీసు కంప్లయింట్ సంగతి. మామూలుగా నేను తొందరపడొద్దంటాను. ఎందుకంటే స్టేషన్లో పిల్లాణ్ణి తెచ్చి తండ్రి చేతిలో పెట్టి, "కాళ్ళకి దణ్ణం పెట్టు" అని పంపేస్తే కేసు అయిపోయినట్టే లెక్క. కానీ దెబ్బలు తిన్న అబ్బాయి పది రోజులుగా మాట్లాడకపోవడం వేరు. రేపు సాయంత్రానికి జాడ తెలియకపోతే కంప్లయింట్ ఇవ్వండి. నాన్నగారు కాదు, మీరివ్వండి. తను మేజర్ అని, ఇంట్లో కొట్టారని, దొరికితే స్టేట్‌మెంట్ తీసుకుని తన ఇష్టప్రకారం వదలాలని, తండ్రికి అప్పగించొద్దని అందులోనే రాసి, రసీదు తీసుకోండి. ఏదైనా చేసుకుంటానన్న మాట ఎవరితోనైనా అని ఉంటే రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే 112కి చేయండి.

ఎస్సై "ఇంటికి పంపాల్సిందే" అంటే చెప్పడానికి మీకు ఆధారాలున్నాయి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన ఇద్దరు మేజర్ల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చేసింది. 2024 మార్చిలో ఒక కేరళ కేసులో హైకోర్టులకి మార్గదర్శకాలిచ్చింది. ఇలాంటి కేసుల్లో మేజరు ఏం కోరుకుంటున్నారో వినాలి గానీ, కౌన్సెలింగ్ పేరుతో వాళ్ళ మనసు మార్చే ప్రయత్నం చేయకూడదంది. అదే ఏడాది డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఒకమ్మాయిని తండ్రి ఇంట్లో ఉంచేసుకుంటే రెండో అమ్మాయి కోర్టుకెళ్ళింది. మేజరు తన భాగస్వామిని ఎంచుకోవచ్చని, తల్లిదండ్రులు అడ్డురాకూడదని కోర్టు చెప్పింది. పేపర్లలో వచ్చింది, కటింగు దగ్గర పెట్టుకోండి.

ఆడపిల్లల సంగతి ఇక్కడే చెప్పాలి. కొడుకునైతే బయటికి గెంటుతారు, కూతురినైతే లోపల పెట్టి తాళం వేస్తారు. చదువు మాన్పించి, నెల తిరక్కుండా పెళ్ళిచూపులు పెడతారు. గెంటేసిన పిల్లాడు కనీసం స్టేషన్లో కనపడతాడు. ఆ పిల్ల ఎవరికీ కనపడదు. అలాంటి అమ్మాయి ఎవరైనా తెలిస్తే 181కి ఫోన్ చేయండి. పుట్టింటివాళ్ళు కొట్టినా, బంధించినా 2005 గృహహింస చట్టం వర్తిస్తుంది, అది భర్త మీద మాత్రమే పెట్టే కేసు కాదు. 18 లోపు పిల్లలైతే, ఆడైనా మగైనా, 1098. వాళ్ళని బాలల సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్ళాలి, మనమే ఎక్కడో దాచిపెట్టకూడదు.

అమ్మగారి భయం ఒకటి రాశారు, "హిజ్రాల్లో కలిసిపోతాడేమో" అని. అమ్మకి నెమ్మదిగా చెప్పండి. మగపిల్లాడు మగపిల్లాణ్ణి ఇష్టపడటం వేరు, మగపిల్లాడిగా పుట్టినా లోపల తను అమ్మాయినని తెలుసుకోవడం వేరు. మన ఊళ్ళలో రెంటినీ ఒకే తిట్టులో కట్టేస్తారు. మీరు రాసినదాన్ని బట్టి మీ తమ్ముడిది మొదటిది. రెండోది అయినా భయపడాల్సింది లేదు. హిజ్రాలు పిల్లల్ని ఎత్తుకుపోరు. మనం తలుపేసిన పిల్లలకి వాళ్ళు తలుపు తీస్తారు. నాకు తెలిసిన ఒక హిజ్రా గురువు, అంటే వాళ్ళ ఇంటికి పెద్ద, రాజమండ్రిలో ఉండేవారు. ఆవిడ ఇంటికి ఎవరొచ్చినా పేరు కూడా అడక్కుండా ముందు పళ్ళెం పెట్టేవారు. నాకు ఫోన్ చేసి, "మేడం, మీ పిల్లాడొకడు మా ఇంట్లో ఉన్నాడు. మాలో పిల్ల కాదు, ఇంకోలాంటి అబ్బాయి. పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళండి" అనేవారు. అలా ఆవిడ ఇంటినుంచి నేను తెచ్చుకున్న పిల్లలు ఆరుగురు. అక్కడ ఉండిపోయేవాళ్ళకి మాత్రం ఒక జాగ్రత్త చెబుతాను. అప్పు చేసి, దొంగచాటుగా ఎవరి చేతో ఆపరేషన్ చేయించుకోవద్దు. దాంతో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళని చూశాను.

ట్రాన్స్‌జెండర్ పిల్లలకి ఇంటి విషయంలో చట్టం నేరుగా ఉంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులుండే ఇంట్లో ఉండే హక్కు వాళ్ళకి ఉంది. ఇంట్లోంచో ఊళ్ళోంచో బలవంతంగా వెళ్ళగొడితే 18వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. కేంద్రం వాళ్ళకోసం గరిమా గృహ్ పేరుతో వసతి గృహాలు కూడా పెట్టింది. మన రాష్ట్రంలో పింఛనూ ఉంది. మీ తమ్ముడిలాంటి గే పిల్లలకి ఇలా ఇంటి గురించి విడిగా చట్టం లేదు. వాళ్ళకోసమే అని పెట్టిన షెల్టరు నేను పనిచేసిన 17 ఏళ్ళలో మన జిల్లాల్లో ఒక్కటీ చూడలేదు. పట్టణాల్లో మున్సిపాలిటీ నడిపే నిరాశ్రయుల వసతి గృహం ఒకటి రెండు రాత్రులకి పనికొస్తుంది, అంతే. ఆ ఖాళీ నింపాల్సింది అక్కలు, మేనత్తలు, ఫ్రెండ్సు. అందుకే మీరు రాయగానే ఇంత పొడుగ్గా జవాబిస్తున్నాను.

ఆస్తి మాట కూడా చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో ఏ గొడవైనా చివరికి పొలం గట్టు మీదికే వస్తుంది. "చిల్లిగవ్వ రాదు" అని నాన్నగారు అనే ఉంటారు. ఆయన సొంతంగా సంపాదించుకున్నది ఆయనిష్టం. తాతల నాటి పిత్రార్జితంలో మాత్రం మీకూ తమ్ముడికీ పుట్టుకతోనే వాటా ఉంది, కోపం వచ్చిందని అది పోదు. రేపు రాజీ పేరుతో "ఈ కాగితం మీద సంతకం పెట్టు, లక్ష రూపాయలు పట్టుకుపో" అని స్టాంపు పేపరు ముందుకి తోస్తారు. ఆకలితో ఉన్న పిల్లాడు పెట్టేస్తాడు. సంతకం పెట్టొద్దని ఇప్పుడే చెప్పి ఉంచండి. న్యాయ సలహాకి 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి కలుపుతారు.

డాక్టరు సంగతి. చూపించాలి, దెబ్బలకి. ఆ రాత్రి ఎక్కడ తగిలాయో, వాపు తగ్గిందో లేదో, నిద్ర పడుతోందో లేదో చూపించాలి. "దీనికి" మాత్రం మందు లేదు, ఎందుకంటే ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మార్చేస్తామని వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్లకి స్పష్టంగా చెప్పింది. అయినా హార్మోన్ ఇంజక్షన్లని, కరెంటు షాకులని, హిప్నాటిజమని డబ్బు గుంజేవాళ్ళున్నారు. తాయెత్తులు, ఉపవాస ప్రార్థనలు సరేసరి. నాన్నగారి చేయి పట్టుకుని ఎవరో ఒకరు అక్కడికి నడిపిస్తారు, మీరు అడ్డుపడాలి. తమ్ముడికి మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి మీరే తోడెళ్ళండి. "దిగులుగా ఉంది, నిద్ర లేదు" అని చెబితే చాలు, మిగతాది తను చెప్పాలనుకుంటే చెబుతాడు.

ఇక నాన్నగారు. ఆయన్ని నేను రాక్షసుడనను. పదిమందిలో తలెత్తుకోలేనన్న భయం ఆయన్ని ఆ రాత్రి ఆడించింది. దాన్ని అర్థం చేసుకోవచ్చు, బెల్టుని మాత్రం క్షమించక్కర్లేదు. దయచేసి దీన్ని పెద్దల్లో పెట్టకండి. పెద్దమనుషుల ముందు ఒకసారి "నాకు కొడుకు లేడు" అన్నాక, రేపు మనసు మారినా ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఆయనకి దారి ఉండదు. ఆయన మాట వినే మనిషి ఒక్కరు, చిన్నప్పటి స్నేహితుడో, బావమరిదో, రెండు వారాల తర్వాత ఒంటరిగా దొరికినప్పుడు మాట్లాడాలి. అబ్బాయి ఎలాంటివాడన్న చర్చే వద్దు. "పిల్లాడు రోడ్డు మీద ఉన్నాడురా, తిండీ చదువూ చూద్దాం" అనాలి. అక్కణ్ణుంచి మొదలుపెడితేనే తండ్రులు వింటారు.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంట్లో బాగా తిరస్కారానికి గురైన ఇలాంటి యువతలో ఆత్మహత్యాయత్నాలు, అంతగా గురికాని వాళ్ళకంటే 8 రెట్లకి పైగా ఉన్నాయి. అక్కడి దేశం వేరే, మనుషులు వేరే. కానీ ఆ బృందం చెప్పిన ఇంకో మాట మన ఇళ్ళకి అతికినట్టు సరిపోతుంది. తల్లిదండ్రులు చాలామంది మంచి కోరే అలా చేస్తారట, పిల్లలకి మాత్రం అది "నువ్వు మాకొద్దు" అన్నట్టే అందుతుందట. నాన్నగారికి చెప్పాల్సి వస్తే ఇది చెప్పండి. నువ్వు చెడ్డ తండ్రివి అనే మాట ఇందులో ఎక్కడా లేదు.

మారతారా అని మీరు అడగలేదు గానీ, మీ మనసులో ఉందని తెలుసు. మారినవాళ్ళని చూశాను. అమలాపురం వైపు ఒకావిడ మస్కట్లో పదకొండేళ్ళు ఇంటిపని చేసింది. పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు. విషయం తెలిసి మేనమామలు వాణ్ణి వెళ్ళగొడితే, ఆవిడ అక్కణ్ణుంచి నాకు ఫోన్ చేసింది. నేను ఏదో వివరించబోతే ఆపేసి, "నాకవన్నీ అర్థం కావండి. పరాయివాళ్ళ వంటింట్లో, గడియ లేని గదిలో పడుకోవడం అంటే ఏంటో నాకు తెలుసు. నా కొడుక్కి గడియ ఉన్న గది చూడండి, అద్దె నేను పంపుతాను" అంది. నెలనెలా పంపింది. ఇంకో తండ్రి ఉన్నారు, కొడుకుతో ఇవాళ్టికీ మాట్లాడరు. కానీ ఏడాదికి రెండుసార్లు బస్సులో బియ్యం మూట తెచ్చి, హాస్టల్ వాచ్‌మన్‌కి ఇచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతారు. ఆ అబ్బాయి ఆ బియ్యం ఎవరికీ ఇవ్వడు, తనే వండుకుంటాడు.

మీ ఇంట్లో ఇప్పుడు మీ చేతిలో ఉన్న మనిషి అమ్మ. అన్నం మానేసి కూర్చుంటే తమ్ముడికి ఏ లాభమూ లేదని చెప్పి, ఆవిడకో పని అప్పజెప్పండి. నాన్నగారు పొలానికో చెరువు మీదికో వెళ్ళినప్పుడు తమ్ముడి ఫైలు తీసి మీకు చేర్చాలి. ఆధార్, పదో తరగతి మార్కుల మెమో, ఇంటర్ మెమో, బ్యాంకు పాస్‌బుక్, కుల ధ్రువీకరణ పత్రం. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒకసారి స్టేషన్ బెంచీ మీద ఒక అబ్బాయిని చూశాను. బ్యాగు లేదు, చెప్పులు లేవు. కడుపుకి అదుముకున్న పాలిథిన్ కవరులో ఇంటర్ మెమో ఒక్కటే ఉంది. ఇంట్లోంచి నెట్టేస్తున్న ఆ నిమిషంలో అల్మారాలోంచి లాక్కున్నది అదొక్కటే. ఆ కాగితం ఉండబట్టి మూడు నెలల్లో మళ్ళీ కాలేజీలో చేర్చగలిగాం. అది లేని పిల్లలు హోటళ్ళలో కప్పులు కడుగుతూనే ఉండిపోయారు.

తమ్ముడు దొరికాక రెండు మూడు రోజులు మీ ఇంట్లో ఉంచుకోగలిగితే ఉంచుకోండి. మీ ఆయనకి ముందే చెప్పండి, అత్తగారికి మాత్రం "పరీక్షలకి చదువుకోవడానికి వచ్చాడు" అంటే చాలు. తమ్ముడి విషయం ఎవరికి చెప్పాలో తనే తేల్చుకోవాలి, మీరు కాదు. ఇంట్లో కుదరకపోతే బలవంతపెట్టి మీ కాపురంలో కొత్త గొడవ తెచ్చుకోవద్దు. భీమవరంలోనే హాస్టలో, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే గదో చూడండి. కాలేజీలో నమ్మకమున్న లెక్చరరు ఒకరికి "ఇంట్లో ఇబ్బందులు, ఫీజు ఆలస్యమవుతుంది" అని చెప్పి అటెండెన్సు, పరీక్ష ఫీజు గడువు కాపాడండి. పార్ట్‌టైం పని చేస్తానంటే చేయనివ్వండి. కడియం నర్సరీల్లో లెక్కలు రాసి, తాడితోటలో బట్టల షాపుల్లో సాయంత్రాలు నిలబడి చదువు పూర్తి చేసిన పిల్లలు నాకు తెలుసు. చదువు మానేసి పనిలో చేరతానంటే మాత్రం ఒప్పుకోకండి.

సంక్రాంతి దగ్గర పడుతోంది. అల్లుళ్ళూ కూతుళ్ళూ అందరూ దిగుతారు, "అబ్బాయి ఏడీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి భయపడే చాలా ఇళ్ళలో పండగ ముందు వారం పిల్లల్ని హడావుడిగా వెనక్కి లాక్కొస్తారు. నలుగురిలో నిలబెడతారు, కనుమ దాటగానే మళ్ళీ పాత కథే. ఈ పండక్కి తమ్ముణ్ణి పంపకండి. భోగి నాడు మీరే కాస్త ముందు బయల్దేరి తన దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి పుట్టింటికి వెళ్ళండి. అరిసెల డబ్బాలో సగం అక్కడ దింపండి.

మెసేజ్ ఈ రాత్రే పంపండి. జాడ తెలిసిన వెంటనే బయల్దేరేలా ఒక సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టుకోండి: రెండు జతల బట్టలు, ఛార్జర్, తువ్వాలు, తన నంబరు కళ్ళజోడు, నొప్పుల మాత్రలు. దుప్పటి మందంగా ఉన్నది పెట్టండి. ఈ నెలలో తెల్లవారుజామున గోదావరి గట్టు మీద చలి బాగా ఎక్కువ.